వకీలును, వీలునామాయును



నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము చెవికి ఇంపైనది కాదు. నలుగురు పెద్దలు శుభమాయని కూర్చుండిన చోట వీలునామా మాట యెత్తినచో మొగము త్రిప్పుకొందురు. వకీలు మాట యెత్తినచో రొండినున్న సంచి తడవుకొందురు. మొదటి మాట మరణమును, రెండవ మాట వ్యయమును స్మరణకు దెచ్చును గదా! అయినను మన సోంపేట, పలాస, టెక్కలి సీమలలో మంచి మంచి గృహములు ఈ రెండు మాటలను సకాలమున పలుకకపోవుటచేతనే చెడిపోయినవి. తగవు పుట్టిన పిమ్మట వకీలును వెదకుట మనకు పరంపరగా వచ్చిన అలవాటు. తగవు పుట్టకుండుటకై వకీలును సంప్రదించుట మనము నేర్వవలసిన అలవాటు. ఈ రెండవ అలవాటు మన దేశమున ఎట్లు తలయెత్తినదో, దానిని నేర్చుటకై మనవారు ఎంత మూల్యము చెల్లించిరో చరిత్రమునుండి చూపుటయే నా యుద్దేశము.

ముందుగా మన పూర్వుల మాట. మన ధర్మశాస్త్రములలో వ్యవహారకాండ మిగుల విస్తారమైనది. ఋణాదానము మొదలుకొని పదునెనిమిది వివాదపదములను మనువు చెప్పెను. అందు దాయభాగ మొకటి. యాజ్ఞవల్క్యుడు రుజువులకు మూడు ఆధారములను జెప్పెను. అవి లిఖితము, భుక్తి, సాక్షులు. అనగా వ్రాతయు, అనుభవమును, చూచినవారి మాటయు. ఈ మూటిలో లిఖితమునే మొదట నిలిపినాడని మనము గమనింపవలెను. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను కల్యాణపురమున ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించెను. పదుమూడవ శతాబ్దిలో తిక్కనసోమయాజి శిష్యుడైన కేతన దానిని తెనిగించి విజ్ఞానేశ్వరీయమను పేర పద్యకావ్యముగా వెలయించెను. కావున న్యాయశాస్త్రము తెలుగువారికి కొత్తది కాదు. ఏడెనిమిదివందల యేండ్ల క్రిందటనే అది తెలుగు పద్యమున పలికినది.

అయితే ఆ శాస్త్రములలో నేటి అర్థమున వీలునామా కానరాదు. దానికి కారణమున్నది. మితాక్షర మతమున పితృపితామహార్జితమైన ఆస్తియందు కుమారునకు పుట్టుకతోడనే హక్కు కలుగును. తండ్రి కన్ను మూసిన తరువాత ఆస్తి ఎవరికని ప్రశ్నింప నవసరమే లేదు. కుమారులు అదివఱకే భాగస్వాములు. ఇక స్వార్జితము సంగతి వేఱు. దానిని జీవించియుండగనే దానము చేయవచ్చును. మరణానంతరము చెల్లునట్లుగా ఆజ్ఞ వ్రాసియుంచుట మాత్రము నాటి సమాజమునకు అంతగా అవసరపడలేదు.

వకీలు సంగతియు నట్టిదే. తండ్రి గాని, సోదరుడు గాని, పుత్రుడు గాని, నియమింపబడిన ప్రతినిధి గాని కాక, పరుల పక్షమున సభలో వాదించువాడు దండ్యుడని నారదుడు శాసించెను. అనగా నియమింపబడిన ప్రతినిధి యుండవచ్చునన్నమాట. అట్టివానిని నియోగి యనిరి. శుక్రనీతి యింకొక యడుగు ముందునకు వేసి, ఆ ప్రతినిధికి వివాదధనములో పదునాఱవ వంతు వేతనమనియు, సొమ్ము పెరిగినకొలది ఆ వంతు తగ్గవలెననియు చెప్పినది. అంతకు మించి గుంజువానిని రాజు దండింపవలెనట. వకీలు ఫీజును గూర్చిన సణుగుడు కొత్తది కాదని దీనివలన తెలియుచున్నది.

మన ప్రాంతపు శాసనములు చూడుడు. శ్రీముఖలింగ దేవాలయపు గోడలమీద గాంగరాజుల కాలపు దానశాసనము లెన్నియో కలవు. గాంగుల తామ్రశాసనములలో దాత యెవరో, ప్రతిగ్రహీత యెవరో, ఇచ్చిన భూమికి నాలుగు దిక్కుల ఎల్ల లెవ్వియో వివరముగా వ్రాసి, దానిని హరించువారికి శాపము చెప్పి ముగింతురు. నేటి దస్తావేజునందును అవే యంగములు: ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు, చతుస్సీమలు, సాక్షులు. శాపమునకు బదులు శిక్షాస్మృతి వచ్చినది, అంతియే భేదము.

పిమ్మట శ్రీకాకుళము సర్కారు గోలకొండ నవాబులకును, వారి తరువాత మొగలాయీలకును, నైజామునకును లోబడినది. ఆ కాలముననే దస్తావేజు, దావా, ఫైసలా, రాజీనామా, ముక్తారునామా, వకీలు అను మాటలు మన నోటికి అలవడినవి. వకీలనగా అరబ్బీభాషలో నమ్మి పని యప్పగింపబడినవాడు. నాటి వకీలు న్యాయస్థానమున వాదించువాడు కాడు. జమీందారుని పక్షమున ప్రభువుల దర్బారునందు నిలిచి మాటలాడు రాయబారి. నమ్మకమే ఆ పదమునకు మూలార్థమని మనము మఱవరాదు. వీలునామా యను పదము మఱియు వింతయైనది. ఆంగ్లభాషలోని విల్లునకు పారసీక నామా తోక తగిలించి మనవారు కల్పించుకొన్న మాట యిది. రెండు దొరతనముల గుర్తులు ఒక్క పదమున నిలిచిపోయినవి.

1765లో ఉత్తర సర్కారులు మొగలు చక్రవర్తి ఫర్మానావలన ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించెను. మఱుసటియేడు నైజాముతో సంధి జరిగెను. 1802లో చెన్నపట్టణ ప్రభుత్వమువారు రెగ్యులేషనులను శాసనముల సంపుటిని వెలువరించిరి. ఆ సంవత్సరపు ఇరువదియైదవ రెగ్యులేషనువలన జమీందారీలకు శాశ్వత పేష్కషు ఏర్పడెను. ఆ రెగ్యులేషనులవలననే జిల్లా న్యాయస్థానము లేర్పడెను. హిందువుల దాయవిభాగాదులయందు శాస్త్రమేమనుచున్నదో చెప్పుటకు న్యాయాధిపతుల ప్రక్కన పండితులు నియుక్తులైరి. పండితుడు వ్యవస్థ వ్రాసియిచ్చును. దొర తీర్పు చెప్పును. ఈ యేర్పాటు 1864 వఱకు సాగి, ఆ యేటి చట్టముతో ఆగిపోయినది. శాస్త్రము తెలిసిన పండితుని పీఠము ఖాళీ కాగా, చట్టము తెలిసిన వకీలు స్థానము బలపడినది.

ఈ కాలముననే వీలునామాలు మెల్లగా తలయెత్తినవి. ప్రభుత్వమువారు మొదట వీనిని సంశయముతో చూచిరి. 1829లో ఐదవ రెగ్యులేషనువలన, హిందువుల వీలునామాలు హిందూ ధర్మశాస్త్రమున కనుకూలించినంత వఱకే చెల్లునని శాసించిరి. 1856లో చెన్నపట్టణమునుండి వెళ్లిన యొక వ్యాజ్యమున లండనులోని ప్రీవీకౌన్సిలువారు, మనుష్యుడు తాను బ్రతికియుండగా స్వేచ్ఛగా ఈయదగిన ఆస్తిని వీలునామావలనను ఈయగలడని అంగీకరించిరి. అయినను 1874లో చెన్నపట్టణపు హైకోర్టు ఒక హద్దు గీచెను. అవిభక్త కుటుంబములోని ఉమ్మడి భాగమును వీలునామావలన ఈయరాదు. ఏలయన, వీలునామాకు ప్రాణము వచ్చు క్షణమున వ్రాసినవాని ప్రాణము పోయియుండును; ఆ క్షణముననే అతని భాగము తక్కిన భాగస్వాములకు చేరిపోవును. ఈయదలచిన వస్తువే చేజారిన పిదప ఇచ్చుట యెట్లు? తర్కము మిగుల సూక్ష్మమైనది. దానిని తెలియక వ్రాసిన కాగితము లెన్నియో వట్టిపోయినవి.

జమీందారుల గృహములలోని రెండు వ్యాజ్యములను మనము ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. మొదటిది మన పాత గంజాము జిల్లాలోనిదే. చినకిమిడి జమీందారు సంతానము లేక 1868లో కాలధర్మము నొందెను. ఆతని పత్ని, భర్త వ్రాసి యిచ్చిన అనుమతి కలదని చెప్పి, పెదకిమిడి వారి కుమారుని దత్తత చేసికొనెను. భర్త సోదరుడు దానిని కాదనగా వ్యాజ్యము పుట్టెను. ఆ వ్యాజ్యము సముద్రము దాటి ప్రీవీకౌన్సిలు మెట్లెక్కి 1876లో ముగిసెను. ప్రభువులు ఆ అనుమతిపత్రము సత్యమని నమ్మి దత్తతను నిలిపిరి. అవిభక్తుడైన సోదరుడు సమ్మతింపని ఆ స్థితిలో వితంతువునకు ఆ కాగితమే దిక్కయ్యెను. అయినను దానిని నిజమని నమ్మించుటకు ఎన్నియో యేండ్లు పట్టెను.

రెండవది పిఠాపురపు వ్యాజ్యము. రాజా గంగాధర రామారావుగారు 1873లో ఒక బాలుని దత్తత చేసికొనిరి. సుమారు పండ్రెండేండ్లు గడచిన పిదప 1885లో వారికి ఔరసపుత్రుడు కలిగెను. వారు తమ జమీందారీని ఔరసునకు వీలునామావలన ఒసంగిరి. దత్తపుత్రుడు వ్యాజ్యమాడెను. విభాగింపరాని జమీందారీని జమీందారుడు వీలునామావలన ఇచ్చుకొనవచ్చునని ప్రీవీకౌన్సిలువారు 1899లో తీర్పు చెప్పిరి. ఆ వీలునామావలన రాజ్యమును పొందిన బాలుడే తరువాత సూర్యరాయాంధ్రనిఘంటువునకు పోషకులైన మహారాజా సూర్యారావుగారు. ఒక పత్రము నిలుచుట, నిలువకపోవుట అనునది ఒక కుటుంబపు భాగ్యమునే కాక, ఒక్కొక్కప్పుడు భాషాభాగ్యమును సయితము మార్చగలదు.

ఈ రెండు గృహములకును ధనబలము కలదు. గొప్ప న్యాయవాదులను నియమించుకొనగలిగిరి. నాలుగెకరముల మెట్ట, ఇరువది కొబ్బరిచెట్లు గల గృహస్థున కట్టి శక్తి యెక్కడిది? అతని కాలమున ప్లీడర్లు తరగతులుగా నుండిరి. 1879 నాటి చట్టము వారిని నియమబద్ధము చేసెను. బారిష్టరు, హైకోర్టు వకీలు, మొదటి తరగతి ప్లీడరు, రెండవ తరగతి ప్లీడరు. వీరందఱికిని క్రింద ప్రైవేటు వకీలు. వారికిని కక్షిదారునకును నడుమ బేరమాడు మధ్యవర్తి మఱియొకడు. ఈ లోకమును మన గురజాడ అప్పారావుగారు 1897లో మొదట ముద్రించిన కన్యాశుల్కమున చక్కగ చిత్రించినారు. వ్యాజ్యముల వ్యసనమున ఇల్లు గుల్లచేసికొన్న అగ్నిహోత్రావధానులు, ప్రైవేటు వకీలు నాయుడు, నడుమ చేరి తన పబ్బము గడుపుకొను రామప్పపంతులు మన కన్నుల యెదుట నిలుతురు. అవధానులకు చట్టము తెలియదనుటకంటె, ఎవరిని నమ్మవలెనో తెలియదనుట సరి.

మన సీమవారికి బరంపురము ప్లీడర్లు పరిచితులు. వరాహగిరి వేంకట జోగయ్యపంతులుగారు అచ్చట ప్రసిద్ధులైన న్యాయవాదులు. 1969 మొదలు 1974 వఱకు రాష్ట్రపతిగా నున్న వి. వి. గిరిగారు వారి కుమారులే, తామును న్యాయవాదులే. నాడు సోంపేట గంజాము జిల్లాలోనిది. కలెక్టరు కచ్చేరి ఛత్రపురమున, జిల్లా న్యాయస్థానము బరంపురమున నుండెడివి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా గంజాము రెండుగా చీలెను. మన తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950 ఆగష్టు 15వ తేదీన శ్రీకాకుళము జిల్లా యేర్పడెను. తాత ఒక జిల్లాలో, తండ్రి వేఱొక జిల్లాలో, కొడుకు మఱియొక జిల్లాలో, కదలక ఒక్క యింటనే నివసించిరి! 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టమువలన మందస మొదలగు జమీందారీలు పోయి రైత్వారీ పట్టాలు వచ్చెను. నేడు మన భూములకు మూలపత్రమును వెదకువారు ఈ చరిత్రమంతయు త్రవ్వవలసియుండును. భూమి కాగితము చదువుటకు వకీలు కావలెననుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము, చట్టము తరచుగా మాఱుట. 1925 నాటి వారసత్వ చట్టమువలన, 1927 జనవరి 1వ తేదీనుండి హిందువులు వ్రాయు వీలునామాలన్నియు విధ్యుక్తముగా నుండవలెనని యేర్పడెను. అంతకుముందు మన పల్లెలలో నోటిమాటగా చెప్పినదియు వీలునామాగా చెల్లెడిది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, 1874లో గీచిన హద్దును చెఱిపివేసెను; ఉమ్మడి ఆస్తిలోని తన భాగమును సయితము నేడు వీలునామావలన ఈయవచ్చును. 1986లో మన రాష్ట్రమువారు కుమార్తెలకు పుట్టుకతో భాగమిచ్చుచు చట్టము చేసిరి. 2005లో దేశమంతటికిని అట్టి చట్టమే వచ్చినది. 2020 ఆగష్టు 11వ తేదీన సుప్రీంకోర్టువారు, 2005 నాటికి తండ్రి జీవించి యుండకపోయినను కుమార్తెకు హక్కు కలదని స్పష్టపఱచిరి. ఆడపిల్లకు పసుపుకుంకుమ యిచ్చితిమి గదా, ఇక భాగమేమి యని యిప్పటికిని తలచు తండ్రులు ఈ మూడు సంవత్సరములను జ్ఞప్తియందుంచుకొనవలెను. ఉమ్మడి ఆస్తినంతయు స్వార్జితమని భ్రమించి కొడుకుల పేర వ్రాసినంతమాత్రమున కుమార్తె భాగము పోదు; అది వ్యాజ్యముగా మరలివచ్చును.

ఇప్పుడు వీలునామా విధానమును క్లుప్తముగ చెప్పెదను. దీనికి స్టాంపు కాగితము అక్కఱలేదు, తెల్లకాగితము చాలును. వ్రాయువాడు స్వస్థచిత్తుడై, పరుల నిర్బంధము లేక సంతకమో వ్రేలిముద్రయో వేయవలెను. కనీసము ఇద్దఱు సాక్షులు, వారతడు చేవ్రాలు చేయుట చూచినవారై గాని, అతడు ఇది నా చేవ్రాలేయని ఒప్పుకొనగా విన్నవారై గాని, అతని యెదుట తాము చేవ్రాలు చేయవలెను. రిజిస్టరు చేయింపవలెనను నిర్బంధము లేదు, చేయించిన మేలు. గోప్యము కావలెనన్నవారు, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి, ముద్రవేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు కడ భద్రపఱుపవచ్చును. బ్రతికియున్నంతకాలము ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును, కడపటిదే చెల్లును. రేపు న్యాయస్థానమున దీనిని నిరూపించుటకు సాక్షులలో ఒక్కడైనను రావలెను గనుక, మనకంటె చిన్నవారిని, ఊరు విడిచి పోనివారిని, వీలునామావలన లాభము పొందనివారిని సాక్షులుగా కోరుకొనుట వివేకము. మన పల్లెలలో తరచుగా తోడి ముసలివారినే సాక్షులుగా పెట్టుదురు. వ్రాసినవాడు పోవునప్పటికి సాక్షులును పోయియుందురు!

ఇంత సులభమైనచో వకీలేల యని ప్రశ్నింపవచ్చును. దానికి ఒక్క యుదాహరణము చెప్పెదను. వీలునామా వ్రాసినవాడు కడపటి శ్వాస వఱకు ఆస్తికి యజమాని. దానపత్రము రిజిస్టరు చేసినవాడు ఆ క్షణముననే యజమాని కాకపోవును. ఈ భేదము తెలియక, కొడుకు రేపు చూచుకొనునులే యను నమ్మకముతో, తోటయు ఇల్లును దానపత్రముగా వ్రాసియిచ్చి, ఆ పిమ్మట ఆ యింటి అరుగుమీదనే పరాయివారివలె కూర్చుండిన వృద్ధులను నేనెఱుగుదును. వారిలో ఒకరు నా యొద్దకు కాగితము తెచ్చి చదివించుకొనిరి. అందు చతుస్సీమలు చక్కగ నున్నవి. చెట్ల లెక్కయు నున్నది. తల్లిదండ్రులను పోషింపవలెనను మాట మాత్రము లేదు.

2007లో పార్లమెంటువారు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై చట్టము చేసిరి. పోషింపవలెనను షరతుతో ఆస్తి నిచ్చియుండి, పుచ్చుకొన్నవారు పోషింపకున్నచో, ఆ దానమును రద్దుచేయుమని రెవిన్యూ డివిజనలు అధికారి అధ్యక్షతనుండు ట్రిబ్యునలునందు అర్జీ పెట్టుకొనవచ్చునని అందలి ఇరువదిమూడవ సెక్షను చెప్పుచున్నది. అయితే షరతు ఉండెనని చూపవలెను; 2022లో సుప్రీంకోర్టువారు దానినే నొక్కి చెప్పిరి. 2025 జనవరిలో ఒక తల్లి వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే చట్టమును ఉదారముగ చదివి, విడిగా వ్రాసియిచ్చిన వాగ్దానపత్రమును గణనకు తెచ్చుకొని, ఆమె కుమారునకు చేసిన దానమును రద్దుచేసెను. అచ్చటను వాగ్దానము కాగితముమీద నుండుటయే ఆమెను కాపాడినదని గ్రహింపుడు. దానపత్రమున ఒక్క వాక్యము చేర్చుట, చేర్చకపోవుట! ఆ యొక్క వాక్యమును జ్ఞాపకము చేయుటకే వకీలు. ఆ వాక్యమునకు ఇచ్చు రుసుము, తరువాత పదియేండ్లు న్యాయస్థానములచుట్టు తిరుగు రైలుచార్జీలకంటె తక్కువ.

వర్తకుల సంగతికి వత్తము. పూర్వము బారువ రేవునుండి సరకు లెక్కించి పంపిన మన వర్తకులు చిట్టా ఆవర్జాలమీదను, మాటమీదను వ్యాపారము నడిపిరి. నేడు పలాస కాశీబుగ్గలలో జీడిపప్పు కర్మాగారములు వెలసినవి. ఉద్దానపు కొబ్బరి దూరదేశములకు పోవుచున్నది. బావమఱదులు, తోడల్లుండ్రు, చిన్ననాటి స్నేహితులు పాళ్లు కలిపి వ్యాపారము చేయుచున్నారు. 1932 నాటి భాగస్వామ్య చట్టములోని రెండు నియమములు వీరందఱు తెలియవలెను. మొదటిది, రిజిస్టరు కాని భాగస్వామ్యసంస్థ తనకు రావలసిన బాకీకై బయటివారిపై దావా వేయజాలదు. సరకు పంపి సొమ్ము రానిచో చేతులు నలుపుకొనవలసినదే. రెండవది, వేఱు ఒడంబడిక లేనిచో, ఒక భాగస్వామి మరణించినంతనే సంస్థ రద్దగును. పోయినవాని భార్యకు లెక్క యెట్లు చూపవలెను, యంత్రముల వెల యెట్లు కట్టవలెను అను మాటలు ముందే వ్రాసికొనకున్నచో, స్నేహమును పోవును, వ్యాపారమును పోవును. బ్యాంకులో నామినీ పేరు వ్రాసితిమి, ఇక భయములేదని కొందఱందురు. నామినీ సొమ్ము పుచ్చుకొనుటకు అర్హుడు మాత్రమే. బ్యాంకు డిపాజిట్టు విషయమున అతడు వారసుల హక్కును మ్రింగజాలడని సుప్రీంకోర్టువారు 2010లో చెప్పియున్నారు.

వలసపోవువారి మాట మఱువరాదు. మన తాతలు రంగూనునకు పోయిరి. 1942లో జపానువారి దండయాత్రవలన ఎందఱో కాలినడకను మరలివచ్చిరి. మనుమలు నేడు హైదరాబాదునకును, ముంబయికిని, గల్ఫు దేశములకును పోవుచున్నారు. పోవుచు అన్నకో మామకో జనరలు పవరు వ్రాసియిత్తురు. ఇచ్చినవాడు మరణించినంతనే ఆ యధికారమును మరణించునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. జనరలు పవరుమీద కొన్నంతమాత్రమున భూమి తనదికాదని 2011లో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. ఈ రెండు తెలియక మోసపోయినవారు తక్కువవారు కారు.

ఇక వకీలును ఎట్లు ఎన్నుకొనవలెను? 1961 నాటి న్యాయవాదుల చట్టమువలన పాత తరగతులన్నియు ముగియుమార్గమున పడినవి. నేడు అడ్వకేటు ఒక్కటే తరగతి, వారి పేరు రాష్ట్ర బారుకౌన్సిలు పట్టికలో నుండవలెను. వారు తమ్ము తాము ప్రకటించుకొనరాదు. కావున ఇంటికి వచ్చి మీ పని నేను చేయింతునను మధ్యవర్తిని దూరముగ నుంచుడు. వాడు వకీలు కాడు, రామప్పపంతులు వంశమువాడు. గెలిచిన సొమ్ములో పాలు కోరుట బారుకౌన్సిలు నియమములకు విరుద్ధము, అట్లడుగువానిని విడువుడు. స్టాంపు ఖర్చెంత, రిజిస్ట్రేషను రుసుమెంత, తన ఫీజెంత యని వేఱువేఱుగా ముందే అడుగుడు, రశీదు పుచ్చుకొనుడు. భూవ్యవహారములు తెలిసినవారు భూమికి, వ్యాపారవ్యవహారములు తెలిసినవారు వ్యాపారమునకు. ఒక కొడుకు వెంటబెట్టుకొని పోయి, అతడే మాటలాడి, అతడే ఫీజిచ్చినచో, ఆ వకీలు మీ వకీలో, మీ కొడుకు వకీలో యోచింపుడు. వీలునామా చెప్పునప్పుడు ఒంటరిగా మాటలాడుడు. కక్షిదారుడు చెప్పిన రహస్యమును వకీలు వెల్లడింపరాదని సాక్ష్యచట్టమే చెప్పుచున్నది.

పోవునప్పుడు వట్టిచేతులతో పోరాదు. పట్టా, పాసుపుస్తకము, తండ్రి తాతల పత్రములు, పూర్వము జరిగిన పంపకపు కాగితములు, బాకీల పట్టిక, సంతానమందఱి పేరులు, వివాహితలైన కుమార్తెల పేరులతో సహా, వెంట తీసికొనిపొండు. ఏది పిత్రార్జితము, ఏది స్వార్జితము, ఏది భార్య పేరనున్నది విడివిడిగా చెప్పుడు. వైద్యునికడ రోగము దాచినట్లు వకీలుకడ బాకీ దాచినచో ఔషధము పనిచేయదు.

పేదవారికి వకీలెక్కడ యందురేమో. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము 1995లో అమలునకు వచ్చినది. దానివలన స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును ఆదాయమెంతయని అడుగకయే ఉచితముగా న్యాయవాది నిత్తురు. మహావిపత్తులకు గుఱియైనవారును అందు చేరియున్నారు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన తీరమును దాటి కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. అట్టి సమయములకును ఈ చట్టము వర్తించును. సోంపేటలోనే న్యాయస్థానము కలదు. అచ్చట విచారించినచో దారి చెప్పుదురు. లోక్ అదాలతునందు ఇరుపక్షములు సమ్మతించి వ్రాసికొన్న రాజీకి డిక్రీతో సమానమైన బలము కలదు. దానిపై అప్పీలు లేదు.

కడపటి మాట. మన ఉద్దానమున మూత్రపిండవ్యాధి వలన గృహయజమానులు నడివయస్సుననే కూలిపోవుచున్నారు. చికిత్సలకై చేసిన అప్పులు, ఎవరి పేరననున్నవో తెలియని తోటలు, పసిపిల్లలు, వీనినడుమ వితంతువు నిలువవలసి వచ్చుచున్నది. మంచమెక్కినవాని చేతిని పట్టుకొని వ్రేలిముద్ర వేయించిన కాగితము మీదనే రేపు స్వస్థచిత్తుడా కాడా యను ప్రశ్న పుట్టును. ఆరోగ్యముతో నున్నప్పుడు వ్రాసినదానిపై ఆ ప్రశ్న పుట్టుట అరుదు. వీలునామా వ్రాసినంతనే యముడు రాడు, వ్రాయనంతమాత్రమున ఆగడు.

కోర్టున ఓడినవాడు కోర్టులో నేడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెనని మనవారి సామెత. చినకిమిడివారును పిఠాపురమువారును ఏండ్ల తరబడి సముద్రముల కావల వెదకిన న్యాయమును, మనము ఇద్దఱు సాక్షులతో, ఒక మంచి వకీలు సలహాతో, మన యింటి వసారాలోనే సంపాదించుకొనవచ్చును. పంట కోతలు ముగిసిన తరువాత వచ్చు మొదటి తీరిక దినమున, మీ పత్రములపెట్టె తెఱచి, ఒక్కొక్క కాగితము చదివించుకొనుడు. చదివిన పిదప ఏమి చేయవలెనో ఆ కాగితములే మీకు చెప్పును.